ముందు ఇసుక డ్రమ్ము... ఆ తర్వాతే సిమెంటు

పొద్దున ఎనిమిదింబావుకు పట్టణంలోని ఏ కాలనీ వీధిలో చూసినా ఇదే దృశ్యం. మెయిన్ రోడ్డు సిగ్నల్ దగ్గర వాహనాలు బారులు తీరగానే దారి తెలిసినవాళ్లంతా పక్క సందులోకి బండి తిప్పేస్తారు. స్కూలు వ్యాను కోసం గేటు ముందు నిలబడ్డ పిల్లలు, తోపుడు బండి దగ్గర కూరలు ఏరుకుంటున్న ఇల్లాళ్లు, వాటర్ టిన్నులు దించుతున్న ఆటో, ఇంటింటి ముందూ ఆగుతూ వచ్చే చెత్త బండి... వీటన్నిటి మధ్య నుంచి హారన్లు మోగించుకుంటూ బైకులు, కార్లు దూసుకుపోతాయి. ఏదో ఒకరోజు ఎవరో కింద పడతారు. కాలనీవాసులు కౌన్సిలర్‌కు వినతిపత్రం ఇస్తారు. వారం తిరక్కుండా రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డంగా ఓ సిమెంటు గడ్డ వెలుస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా కట్టే స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ప్రమాణం పెట్టింది. మన వీధుల్లో లేచే గడ్డలకు ఆ కొలతా ఉండదు, తెల్లరంగు చారలూ ఉండవు, ముందు హెచ్చరిక బోర్డూ ఉండదు. ఆటోలో ఆస్పత్రికి వెళ్లే గర్భిణికి, నడుంనొప్పితో బాధపడే పెద్దాయనకు అది రోజూ తప్పని శిక్ష. కొన్నాళ్లకు బైకులు దాని పక్కనున్న మట్టి అంచు మీదుగా దారి చేసుకుంటాయి. కార్లు వెనక వీధి పడతాయి. ఇప్పుడు ఆ వీధివాళ్లు వినతిపత్రం పట్టుకుని బయల్దేరతారు.

ఈ తంతు మొత్తంలో ఒక్క ప్రశ్న ఎవరూ అడగరు. వేసిన గడ్డ వల్ల వేగం తగ్గిందా, లేక బెడద పక్కవీధికి మారిందా? అడగకపోవడానికి కారణం ఉంది. సిమెంటు పడ్డాక జవాబు ఏదైనా చేయగలిగింది లేదు. తీసేయాలంటే మళ్లీ టెండరు, మళ్లీ బిల్లు, పైగా వేయించిన నాయకుడికి తలవంపులు. అందుకే నివాస వీధుల్లో వన్‌వే పెట్టినా, ఒక మలుపు మూసినా, పార్కింగ్ ఒకవైపుకే పరిమితం చేసినా, వేగాన్ని కట్టడి చేసినా ముందుగా దాన్ని తాత్కాలికంగా పెట్టి చూడాలి. ఇసుక నింపిన డ్రమ్ములు, ప్లాస్టిక్ బారికేడ్లు, రోడ్డు మీద రంగు గీతలు, నాలుగు బోర్డులు చాలు. పొద్దున పెట్టి సాయంత్రానికి తీసేయగలిగిన ఏర్పాటు ఇది. అయితే తాత్కాలికం అన్న మాట తగిలించినంత మాత్రాన అది పరీక్ష అయిపోదు. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో ముందే రాసిపెట్టుకోవాలి. మార్చిన వీధితో పాటు చుట్టుపక్కల వీధుల్నీ లెక్కించాలి. ఏ రోజుతో ఆపేస్తారో ముందే చెప్పాలి. ఈ మూడూ లేని ప్రయోగం ప్రజల మీద చడీచప్పుడు లేకుండా రుద్దే నిర్ణయమే.

ఒక సందు కోసం ఇంత ఆలోచన అవసరమా అనిపించవచ్చు. అమెరికాలో నగర ప్రణాళికావేత్త డొనాల్డ్ యాపిల్‌యార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే తీరుగా ఉండే మూడు నివాస వీధుల్ని పోల్చి చూశారు. ఒకదానిలో రోజుకు సుమారు 2,000 వాహనాలు, రెండోదానిలో 8,000, మూడోదానిలో 16,000 తిరిగేవి. తక్కువ రద్దీ ఉన్న వీధిలో ఒక్కో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులుంటే, ఎక్కువ రద్దీ ఉన్న వీధిలో ఆ సంఖ్య ఒకటికి కూడా చేరలేదు. రోడ్డు దాటడమే కష్టమైనప్పుడు ఎదురింటి మనిషి కూడా దూరపు మనిషి అవుతాడు. సాయంత్రం అరుగు మీద కూర్చునే అలవాటు, పిల్లలు వీధిలో ఆడుకునే అలవాటు మన కళ్ల ముందే ఎందుకు తగ్గిపోయాయో వెతికేవారికి ఆ పరిశోధన సగం జవాబు చెబుతుంది. మిగతా సగం జవాబు ప్రమాదాల లెక్కల్లో ఉంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు నడిచివెళ్తున్న మనిషి. నడిచేవారూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటించింది. మన కాలనీ వీధులన్నీ అలా అందరూ కలిసి తిరిగే చోట్లే.

ముందు పెట్టి చూడటం వల్ల ఏం ఒరుగుతుందో స్టాక్‌హోమ్ నగరమే చెబుతుంది. నగర మధ్యభాగంలోకి వచ్చే వాహనాలపై రద్దీ రుసుము వేయాలన్న ఆలోచనను అక్కడి ప్రజల్లో అధికులు మొదట వ్యతిరేకించారు. ప్రభుత్వం దాన్ని శాశ్వతం చేయకుండా 2006 జనవరి 3 నుంచి జులై 31 వరకు ప్రయోగంగా అమలు చేసింది. ఆ మధ్యభాగం సరిహద్దు దాటే వాహనాలు అయిదో వంతు దాకా తగ్గాయి. జులై ఆఖరుకు మాట ప్రకారం రుసుము ఎత్తేశారు. సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే ఓటేసిన నగరవాసుల్లో సగానికి పైగా దాన్ని తిరిగి తెమ్మన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. వాదనలు మార్చలేని మనసుల్ని ఏడు నెలల అనుభవం మార్చింది. ఓటు వేసేనాటికి రుసుము లేని రోజుల్ని కూడా జనం చూశారు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోగలిగారు. న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో 2009 మే నెలలో బ్రాడ్‌వే మీద వాహనాల్ని ఆపి, మడత కుర్చీలు వేసి నడిచేవారికి వదిలారు. టాక్సీల జీపీఎస్ సమాచారంతో ఫలితం లెక్కగట్టారు. పాదచారుల గాయాలు 35 శాతం తగ్గాయి. ఆ ప్రాంతంలో ఉత్తర దిక్కుగా వెళ్లే టాక్సీల వేగం 17 శాతం పెరిగితే, దక్షిణ దిక్కుగా వెళ్లేవాటి వేగం 2 శాతం తగ్గింది. ఆ 2 శాతాన్ని కూడా అధికారులు దాచకుండా ప్రచురించారు. నష్టాన్ని కూడా చెప్పే లెక్కనే జనం నమ్ముతారు.

లండన్ నేర్పిన పాఠం

నివాస వీధుల్లో ఇలాంటి ప్రయోగాల విషయంలో బ్రిటన్‌కు చాలా అనుభవం ఉంది. అక్కడి చట్టంలో ప్రయోగాత్మక ట్రాఫిక్ ఉత్తర్వు అనే ఏర్పాటు ఉంది. స్థానిక కౌన్సిల్ గరిష్ఠంగా 18 నెలల పాటు ఒక మార్పును అమలు చేసి చూడవచ్చు. మొదటి ఆరు నెలల్లో ఎవరైనా అభ్యంతరాలు తెలపవచ్చు. తూర్పు లండన్‌లోని వాల్తమ్ ఫారెస్ట్‌లో 2014లో ఒక పాత పేట వీధుల్ని ముందు రెండు వారాల పాటు అడ్డదారి వాహనాలకు మూసి చూశారు. మరుసటి ఏడాది శాశ్వత పనులు మొదలైనప్పుడు, వ్యాపారం చచ్చిపోతుందంటూ నిరసనకారులు ప్రారంభోత్సవానికి శవపేటిక మోసుకొచ్చారు. తర్వాత కౌన్సిల్ లెక్కల్లో ఆ పేటలోని ముఖ్యమైన 12 వీధుల్లో వాహనాలు సగటున 44 శాతం తగ్గినట్టు తేలింది. అదే కౌన్సిల్ పరిధిలో ఇలాంటి పేటలన్నిటినీ పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం లోపలి వీధుల్లో గాయపడేవారి సంఖ్య మూడో వంతుకు పడిపోయింది. సరిహద్దు రోడ్ల మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇదే లండన్ ఆ తర్వాత తప్పటడుగులూ వేసింది. 2020లో కొవిడ్ సమయంలో అక్కడి కేంద్ర ప్రభుత్వం అత్యవసర నిధులిచ్చి, వారాల్లో పని పూర్తి చేయమని తొందరపెట్టింది. చాలాచోట్ల జనానికి మాటమాత్రం చెప్పకుండా రోడ్డు మధ్యలో చెక్క కుండీలు వెలిశాయి. ముందున్న రద్దీ ఎంతో లెక్కించలేదు. లాక్‌డౌన్ వల్ల ఆ లెక్క దొరికే పరిస్థితీ లేదు. వాండ్స్‌వర్త్ కౌన్సిల్ కొన్ని నెలలకే వాటిని నిలిపేసింది. ఈలింగ్ కౌన్సిల్ 2021లో చాలావాటిని తొలగించింది. పశ్చిమ డల్విచ్ ఉదంతం ఇంకా సూటిగా చెబుతుంది. 2024లో లాంబెత్ కౌన్సిల్ అక్కడ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన పథకం చట్టవిరుద్ధమని 2025 మే నెలలో హైకోర్టు తేల్చింది. స్థానికులు తమ అభ్యంతరాలన్నిటినీ 53 పేజీల్లో కూర్చి ఇస్తే, నిర్ణయం తీసుకునేటప్పుడు కౌన్సిల్ దాన్ని పరిగణనలోకి తీసుకోలేదన్నది ప్రధాన కారణం. చట్టంలో ప్రయోగానికి చోటున్నా, డబ్బున్నా, ఉద్దేశం మంచిదైనా చెవి మూసుకుంటే పని చెడుతుంది. పరీక్ష పెట్టినవాడు జవాబుపత్రం చదవకపోతే అది పరీక్షే కాదు.

అమెరికాలోని బర్క్‌లీ పట్టణం కథలో మరో హెచ్చరిక ఉంది. 1970ల మధ్యలో నివాస వీధుల కూడళ్లలో అడ్డంగా కాంక్రీటు దిమ్మెలు పెట్టి అడ్డదారి వాహనాల్ని మళ్లించారు. తీసేయాలంటూ 1976, 1977లలో రెండుసార్లు ఓటింగ్ జరిగితే రెండుసార్లూ ప్రజలు ఉంచమనే తీర్పిచ్చారు. అయినా 1982లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, రాష్ట్ర చట్టం అలాంటి అడ్డంకులకు అధికారం ఇవ్వలేదని చెప్పింది. వాటిని కాపాడుకోవడానికి చట్టాన్నే సవరించాల్సి వచ్చింది. జనం మద్దతు ఒక్కటే చాలదు, కాగితం కూడా సరిగ్గా ఉండాలి.

మన చట్టంలోనే ఉన్న నెల గడువు

ఆ కాగితం మన దగ్గర ఇప్పటికే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ప్రజల భద్రత కోసం లేదా సౌకర్యం కోసం ఒక రోడ్డు మీద అన్ని మోటారు వాహనాల్నీ లేదా ఫలానా రకం వాహనాల్ని నిషేధించే, నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థకు ఉంది. మామూలుగా దీనికి గెజిట్ నోటిఫికేషన్ కావాలి. కానీ ఆ నియంత్రణ నెల రోజులకు మించకపోతే గెజిట్ అవసరం లేదని, స్థానికంగా ప్రచారం చేస్తే చాలని అదే సెక్షన్ చెబుతోంది. వేగ పరిమితులకు సంబంధించిన 112వ సెక్షన్‌లోనూ నెలలోపు ఆంక్షలకు గెజిట్ నుంచి మినహాయింపు ఉంది. మన దగ్గర ఈ వెసులుబాటు జాతరలకు, నిమజ్జనాలకు, వీఐపీల రాకపోకలకు అక్కరకొస్తోంది. అదే వెసులుబాటును ఒక కాలనీ పిల్లల భద్రత కోసం వాడుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2020లో నగరాలకు పెట్టిన సైకిల్, పాదచారి వీధుల పోటీల్లోనూ ముందు చవకగా పెట్టి చూడటమే తొలి మెట్టు. సైకిల్ పోటీలో వరంగల్, వీధుల పోటీలో విజయవాడ విజేతల జాబితాలో నిలిచాయి. అంటే ఈ పద్ధతి తెలుగు పట్టణాలకు కొత్తదీ కాదు. పోటీ కోసం ఒకసారి చేసిన పనిని మున్సిపాలిటీ రోజువారీ పద్ధతిగా మార్చుకోవడమే మిగిలింది.

నెల రోజుల్ని ఎలా వాడుకోవాలన్నది అసలు పని. మార్పుకు ముందు ఒక వారం లెక్క తీయాలి. పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో ఆ వీధిలోనూ, అటూఇటూ ఉన్న రెండు మూడు వీధుల్లోనూ బైకులు, ఆటోలు, కార్లు, సైకిళ్లు, నడిచేవారు ఎందరో విడివిడిగా రాసుకోవాలి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ విద్యార్థులు కాగితం, పెన్నుతో చేయగల పని ఇది. తర్వాత డ్రమ్ములు పెట్టాలి. మొదటి వారం గందరగోళం తప్పదు. దారి తెలియనివాళ్లు వచ్చి వెనక్కి తిరుగుతుంటారు. ఆ వారం లెక్కను తీర్పుగా తీసుకోకూడదు. అలవాటు పడ్డాక నాలుగో వారంలో మళ్లీ అదే వేళల్లో, అవే చోట్ల లెక్కించాలి. పండగ వారం, పరీక్షల సెలవులు, భారీ వానలు ఉన్న నెలను ఎంచుకుంటే పోలిక చెడుతుంది. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు పెద్ద తెలుగు అక్షరాలతో వీధి మొదట్లోనే కనిపించాలి. చట్టం చెప్పిన స్థానిక ప్రచారం అంటే పత్రికలో మూలన పడే చిన్న ప్రకటన అనుకోకూడదు. మైకు పెట్టిన ఆటో రెండు రోజులు ఆ పేటంతా తిరగాలి.

లండన్ కుండీని తెచ్చి మన సందులో పెడితే పనిచేయదన్నదీ గుర్తుంచుకోవాలి. అక్కడ కుండీల మధ్య ఖాళీ సైకిల్ పోవడానికి, ఆగిపోయేది కారు. ఇక్కడ సైకిల్ పట్టే ఖాళీలో బైకూ పడుతుంది. మన వీధుల్లో ఎక్కువ రద్దీ ద్విచక్ర వాహనాలదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతుల్లో 44 శాతానికి పైగా వాటి మీద వెళ్తున్నవారే. రెండు డ్రమ్ముల మధ్య మీటరు దూరం వదిలితే కార్లు ఆగుతాయి, వీధి ఖాళీ అయిందన్న ధైర్యంతో బైకులు ఇంకా జోరుగా వెళ్తాయి. అందుకే డ్రమ్ముల్ని ఒకే వరసలో కాకుండా కొన్ని అడుగుల ఎడంలో అటొకటి ఇటొకటి పెట్టి, బండి నెమ్మదించి వంకర తిరిగి వెళ్లేలా చేయాలి. కుదరకపోతే ఒక వారం ఒక తీరు, మరో వారం మరో తీరు పెట్టి చూడాలి. వన్‌వే పెట్టిన చోట రాంగ్ రూట్‌లో వచ్చేవారిని విడిగా లెక్కించాలి. నూటికి ముప్ఫై మంది ఎదురొస్తుంటే తప్పంతా జనానిదే అనడం తేలిక. చుట్టూ తిరిగి రావాల్సిన దూరం మరీ ఎక్కువైందేమో కూడా చూడాలి. ఈ తేడాలు డ్రాయింగ్ కాగితం మీద కనపడవు. రోడ్డు మీదే తెలుస్తాయి. తాత్కాలికంగా పెట్టి చూడమనడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

అభ్యంతరాలకు జవాబు

మొదటి అభ్యంతరం బలమైనది. ఒక వీధిలో మూసిన రద్దీ పక్కవీధిని ముంచుతుందంటారు. కొంతవరకు నిజమే. 11 దేశాల్లో రోడ్డు స్థలాన్ని వాహనాల నుంచి తగ్గించిన 70కి పైగా ఉదంతాల్ని బ్రిటిష్ పరిశోధకులు 2002లో సమీక్షించారు. సగం చోట్ల చుట్టుపక్కల రోడ్లనూ కలిపి చూసినా మొత్తం రద్దీ 11 శాతానికి పైగా తగ్గింది. కొందరు వేళ మార్చుకున్నారు, కొందరు రెండు పనులు ఒకే ప్రయాణంలో ముగించారు, కొందరు నడిచారు. కానీ మిగతా సగంలో తగ్గుదల స్వల్పమే, కొన్నిచోట్ల రద్దీ పెరిగింది కూడా. కాబట్టి రద్దీ మాయమవుతుందని ముందే హామీ ఇవ్వడం ఎంత తప్పో, పక్కకు పొర్లి తీరుతుందని తేల్చేయడమూ అంతే తప్పు. ఇక్కడ న్యాయం ప్రశ్న కూడా ఉంది. సొంత మేడలున్న కాలనీ తన వీధిని మూసుకుంటే, ఆ వాహనాలు మెయిన్ రోడ్డు పక్క రేకుల ఇళ్లలో ఉండేవారి గుమ్మం ముందుకు చేరితే అది సంస్కరణ అనిపించుకోదు. పక్కవీధిని లెక్కించకుండా ప్రయోగం చేయకూడదని గట్టిగా చెప్పడం అందుకే. పక్కవీధి లెక్క ముందుగా చెప్పిన హద్దు దాటితే డ్రమ్ములు లేవాలి.

అంబులెన్సు, ఫైరింజన్ ఆలస్యమవుతాయన్న భయం రెండోది. ఒక్క నిమిషం కూడా ప్రాణం ఖరీదు చేసే చోట ఆ భయాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. వాల్తమ్ ఫారెస్ట్‌లో 2012 నుంచి 2020 దాకా అగ్నిమాపక శాఖ రికార్డుల్ని పరిశీలించిన పరిశోధకులకు, ఈ మార్పుల వల్ల ఆలస్యం పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. అయితే అక్కడి రికార్డు ఇక్కడి సందుకు పూచీ ఇవ్వదు. డ్రమ్ములు పెట్టే ముందు రోజే ఒక ఫైరింజన్‌ను, ఒక 108 వాహనాన్ని ఆ వీధిలో నడిపించి చూడాలి. అవసరమైనప్పుడు ఇద్దరు మనుషులు పక్కకు జరపగలిగే బరువుకు మించి డ్రమ్ములు నింపకూడదు. వేళకాని వేళ సిమెంటు గడ్డ మీద ఎగిరిపడుతూ వెళ్లే అంబులెన్సులోని రోగినీ మరవకూడదు.

మూడోది దుకాణదారులది. కిరాణా కొట్టు, మెడికల్ షాపు, టైలరు, టిఫిన్ బండి... వీరి గిరాకీలో ఎక్కువ భాగం ఆ పేటలో నడిచి వచ్చేవారిదే కావచ్చు, దారినపోతూ బండి ఆపేవారిదీ కావచ్చు. ఊహించే బదులు అడగాలి. ప్రయోగానికి ముందూ, చివరి వారంలోనూ ఒక్కో కొట్టు దగ్గర గంటకు ఎంతమంది ఆగారో చూడాలి. సరుకు దించుకునే వేళ విడిగా ఇవ్వాలి. తోపుడు బళ్లవారిని అడ్డంకి అనుకుని తరిమేసే అవకాశంగా దీన్ని వాడుకోకూడదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికి రక్షణ కల్పించింది. ఇక మన జనం ఏ నిబంధనా పాటించరు, ఇవన్నీ విదేశాల్లోనే సాగుతాయి అన్నది చివరి మాటగా వినిపిస్తుంది. పాటించేలా ఉందో లేదో తెలుసుకోవడానికే కదా పరీక్ష. పోలీసు లేకపోయినా నిలిచే ఏర్పాటు ఏదో, పోలీసు వెళ్లగానే కూలే ఏర్పాటు ఏదో నెల రోజుల్లో తేలిపోతుంది. కూలిపోయేదాన్ని లక్షలు పోసి కట్టకుండా ఆగడం కూడా లాభమే.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. ఈ పని కాలనీ సంఘాల చేతికి వదిలేది కాదు. వీధి మొదట్లో ఇనుప గేటు బిగించి, వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి, రాత్రి పదికి తాళం వేసే పోకడ మన పట్టణాల్లో పెరుగుతోంది. మున్సిపల్ రోడ్డు అందరిదీ. దాన్ని మూసే హక్కు ఏ సంఘానికీ లేదు. చట్టబద్ధమైన ప్రయోగంలో వీధి అందరికీ తెరిచే ఉంటుంది. నడిచే మనిషికి, సైకిల్‌కు, ఆ వీధిలో పని ఉన్న ఎవరికైనా దారి ఉంటుంది, అడ్డదారిగా వాడుకునే వేగానికి మాత్రమే అడ్డు పడుతుంది. సంఘం వినతి ఇవ్వవచ్చు. నిర్ణయం మున్సిపల్ కమిషనరూ ట్రాఫిక్ పోలీసూ కలిసి, పక్కవీధివారిని కూడా కూర్చోబెట్టి తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు స్థాయి కార్యాలయాలు, తెలంగాణలో వార్డు కమిటీలు అందుకు సిద్ధంగా ఉన్న వేదికలు. అద్దెకుండేవారు, పనిమనుషులు, ఆటో డ్రైవర్లు ఆ సమావేశంలో లేకపోతే సగం వీధి మాట విననట్టే.

ముప్ఫయ్యో రోజు సాయంత్రం ఏం జరుగుతుందన్న దానిలోనే ఈ పద్ధతి విలువంతా ఉంది. లెక్కలు బాగుంటే వాటిని బోర్డు మీద అతికించి, గెజిట్ ప్రకటన ఇచ్చి, కొలతల ప్రకారం పక్కా పని చేయాలి. బాగోలేకపోతే ఆ లెక్కల్నీ అలాగే అతికించి, చెప్పిన తేదీకి చెప్పినట్టు డ్రమ్ములు లారీకెక్కించాలి. తేల్చుకోలేక గుట్టుగా గడువు పెంచుకుంటూ పోవడం మాత్రం ఈ రెండింటికంటే చెడ్డది. నెల గడువు ఇచ్చిన చట్టం స్ఫూర్తికే అది విరుద్ధం. మున్సిపాలిటీ తాను పెట్టినదాన్ని తానే తీసేస్తే పరువు పోతుందని అధికారులు భయపడుతుంటారు. జరిగేది అందుకు భిన్నంగా ఉంటుంది. ఈ వీధిలో మాట నిలబెట్టుకుని డ్రమ్ములు తీసిన మున్సిపాలిటీ రేపు పక్కపేటలో డ్రమ్ములు పెడతానని వస్తే, నెల రోజులే కదా, చూద్దాం అని అక్కడివాళ్లు ఒప్పుకుంటారు. ఆ ఒప్పుదల చేతిలో ఉన్న మున్సిపాలిటీకి రాత్రికి రాత్రి సిమెంటు గడ్డలు వేసే అవసరం ఉండదు.